వాట్సాప్‌లో కుదిరిన బేరం కోర్టుదాకా ఎలా వెళ్ళిందంటే – నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో జీడిపిక్కల వ్యాపారం చేసే ఒక కంపెనీలో లెక్కలు చూస్తుంటాను. పేరుకి ప్రైవేట్ లిమిటెడ్, లోపల మాత్రం ఒక కుటుంబం, ఒక గోడౌన్, రెండు కంప్యూటర్లు. గజపతి, రాయగడ జిల్లాల కొండ ఊళ్ళ నుంచి వచ్చిన పిక్కల్ని ఎండబెట్టించి, 80 కేజీల బస్తాలు కట్టించి, ఎక్కువగా ఆంధ్ర వైపు పంపిస్తాం. సరుకు రాష్ట్రం దాటుతుంది కాబట్టి ప్రతి లోడుకీ ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పన్ను) బిల్లు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్ పత్రం) పక్కాగా ఉంటాయి. బేరం మాత్రం ఎప్పుడూ వాట్సాప్‌లోనే: రేటెంత, తేమెంత, లారీ ఎప్పుడు, డబ్బెప్పుడు, అన్నీ. విశాఖలో ఆఫీసున్న ఒక పార్టీ సీజనంతా సరుకు తీసుకుని, చివర్లో పెద్ద మొత్తం ఆపేసి, "మీ సరుకు తడిసింది, పైగా బిల్లులు తర్వాత మార్చారు" అని ఎదురు తిరిగింది. మా చుట్టుపక్కల వ్యాపారులందరిదీ ఇదే పద్ధతి కాబట్టి మేం పడ్డ పాట్లు ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

3 లక్షలు, ఆపైన ఉన్న వ్యాపార తగాదా కమర్షియల్ కోర్టుకి వెళ్తుంది. అర్జెంటుగా ఏదైనా ఉత్తర్వు కావాలంటే తప్ప, దావా వేసే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళడం తప్పనిసరి. మేం వెళ్ళాం, అవతలివాళ్ళు రాలేదు, రాలేదని రిపోర్టు ఇచ్చారు, అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది. అసలు టెన్షన్ దావా తయారు చేసేటప్పుడు మొదలైంది. మనకి అనుకూలమైన కాగితాలు ఏరి పెట్టుకుంటే కుదరదట. కేసుకి సంబంధించి మన దగ్గరున్నవన్నీ, మనకి వ్యతిరేకంగా ఉన్నవాటితో సహా, జాబితా వేసి, ఇంకేమీ దాచలేదని ప్రమాణం చెయ్యాలి. లాయరు గారు ఈ మాట అనగానే మా కంపెనీ యజమాని సావుకారు గారు నా వైపు చూశారు.

ఎందుకు చూశారంటే, మా గోడౌన్ సూపర్‌వైజరు ఒక రాత్రి ఆ పార్టీ మనిషికి పంపిన వాయిస్ మెసేజ్ ఒకటుంది. "జల్లు కొట్టింది బాబూ, ఈ లాట్లో కొన్ని బస్తాలు తడిసినాయి, దించినప్పుడు చూసుకోండి" అని. పాపం నిజాయితీగానే చెప్పాడు.

"ఏటయ్యా, మన కొంప మనమే ముంచుకుంటామేటి? అదొక్కటీ తీసేస్తే పోద్ది కదా" అన్నారు సావుకారు గారు.

లాయరు గారు కోప్పడలేదు. "మీ ఫోన్లో తీసేస్తారు, వాళ్ళ ఫోన్లో ఉంటుంది. రేపు వాళ్ళు అది వినిపిస్తే, మీరు పెట్టిన మిగతావి జడ్జి గారు ఎందుకు నమ్మాలి?" అన్నారు. పైగా కోర్టులో చూపించాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డుని కావాలని చెరిపేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరమట. సరే, తల ఊపి జాబితాలో పెట్టాం. తీరా ఆ మెసేజ్ కింద చూస్తే అవతలి మనిషి థంబ్స్-అప్ బొమ్మ పెట్టి, మర్నాడు పొద్దున్నే ఇంకో లారీకి రేటు అడిగాడు! తడిసింది ఒక్క లాటేనని, అది చెప్పే పంపామని చూపించడానికి మాకు అంతకంటే మంచి కాగితం లేదు.

ఆ మెసేజ్ ఉన్నది సూపర్‌వైజరు సొంత ఫోన్లో. "నా ఫోను ఇచ్చేస్తే నాకేటి మిగుల్తాది బాబూ, పాప స్కూలు గ్రూపు కూడా అందులోనే ఉంది" అన్నాడు. న్యాయమే. కానీ 2020లో అర్జున్ పండిట్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, అసలు పరికరాన్నే దాని సొంతదారు బోనెక్కి చూపిస్తే, ఆ రికార్డు ఏ పరికరం నుంచి ఎలా తీశామో చెప్పే సర్టిఫికెట్ అక్కర్లేదు, కాపీయో ప్రింటో పెడితే మాత్రం సర్టిఫికెట్ తప్పనిసరి. లాయరు గారు రెండు దారులూ ఉంచుకుందాం అన్నారు. కంపెనీ డబ్బుతో అతనికి కొత్త ఫోను, కొత్త సిమ్ తీసిచ్చాం. అదే నంబరుతో కొత్త ఫోన్లో వాట్సాప్ తెరిస్తే పాతదాంట్లో లాగవుట్ అయిపోతుంది, అందుకే పాత సిమ్ పాత ఫోన్లోనే ఉంచి బీరువాలో పెట్టాం. అప్పుడప్పుడు చార్జింగ్ పెట్టాలి, రీచార్జ్ ఆపకూడదు, ఆపితే కొన్నాళ్ళకి ఆ నంబరు ఇంకొకరికి పోతుంది. బ్యాంకులో అతని నంబరు మార్పించడానికి నేనూ వెంట తిరిగాను.

ఇంకో సంగతి, తగాదా మొదలయ్యాక అవతలివాళ్ళు ఆ చాట్‌లో మెసేజ్‌లు 90 రోజులకి వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టారు. పెట్టినట్టు చాట్ మధ్యలో చిన్న అక్షరాలతో ఒక లైను వస్తుంది, చాలామంది దాన్ని చదవరు. అది అంతకుముందు మెసేజ్‌లని ముట్టుకోదు, తర్వాతవాటికే వర్తిస్తుంది. ఇద్దరి చాట్ అయితే ఎవరైనా దాన్ని ఆపేయొచ్చు, మేం ఆపేశాం.

ఇక సర్టిఫికెట్. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లోని 65బి సెక్షన్ పోయి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వచ్చింది. ఫారంలో పార్ట్ ఎ మనం నింపాలి, పార్ట్ బి నిపుణుడు. ఫోను కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ, చివరికి రంగు కూడా రాయమంటుంది. వాటితోపాటు ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్. అదేదో బ్రహ్మవిద్య అనుకున్నాను గానీ విండోస్‌లో సర్ట్‌యుటిల్ అని ఒక కమాండ్ ఉంది, దానికి SHA256 అని చెప్పి కొడితే 64 అక్షరాలు, అంకెల వరస వస్తుంది. ఫైల్లో ఒక్క చుక్క మారినా వరస మొత్తం మారిపోతుంది. మా ఆఫీసు కుర్రాడు చాట్ ఫైలు తెరిచి, రెండు ఖాళీ లైన్లు తీసి "నీటుగా ఉంటుందని" సేవ్ చేశాడు. హ్యాష్ కలవలేదు, మళ్ళీ మొదటి కాపీ తెచ్చుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి అసలు కాపీ పెన్‌డ్రైవ్ కవర్లో సీల్ వేసి నా దగ్గరే ఉంచుకున్నాను. పార్ట్ బి మీద సంతకం పెట్టే మనిషి మా ఊళ్ళో దొరకలేదు, లాయరు గారే విశాఖలో ఒకాయన్ని చూపించారు. లారీ డ్రైవరు ఒడియాలో పంపిన వాయిస్ మెసేజ్‌లు రాయించి అనువాదం చేయించడానికి అయిన ఖర్చు వేరే.

బిల్లులు మార్చారన్న ఆరోపణకి మాత్రం జవాబు మేం లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లోనే దొరికింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చినా లాగ్ (ఆ మార్పు రికార్డు) ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. ఆ రూలు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ తిట్టుకున్నది నేనే. వాళ్ళు పట్టుకున్న బిల్లు లాగ్ తీస్తే, ఒకే ఒక్క మార్పు ఉంది. మొదట అనుకున్న లారీ చెడిపోయి వేరేది వస్తే, లోడు కదలకముందే లారీ నంబరు మార్చాం. రేటు, బరువు ఎవరూ ముట్టుకోలేదు. ఈ-వే బిల్లు పోర్టల్లో లారీ వివరాలుండే పార్ట్-బి తీస్తే అదే లారీ నంబరు, కొద్ది నిమిషాల తేడాతో. ఆ రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూపించాక బిల్లుల మాట వాళ్ళు మళ్ళీ ఎత్తలేదు.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిస్ మెసేజ్ మీద వాళ్ళ లాయరు అభ్యంతరం పెట్టారు, అది వాదనలప్పుడు తేలుతుంది. ఈలోగా సావుకారు గారు పాత కంప్యూటర్ అమ్మేద్దామన్నారు. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి, కంపెనీ ఖాతా పుస్తకాలు 8 ఏళ్ళు, ఈ కేసు తేలేదాకా అయితే దేన్నీ కదపకూడదు అని చెప్పాను. "అయితే ఆ మూల నీదే" అన్నారు. దాని మీద గుడ్డ కప్పి, డిస్క్ కాపీ ఒకటి తీసి బీరువాలో పెట్టాను.