సీ హాక్ మీద ఎవరి గుర్తులు?

"విక్రాంత్ నీ నేవీ నాన్నా, నాది కాదు" అన్నాడు మావాడు. విక్రాంత్ అంటే మన పాత విమానవాహక నౌక. సెలవులకు కడపకు వస్తూ సీ హాక్ విమానం మోడల్ కిట్ తెచ్చుకున్నాం. భారత నౌకాదళం డెకాల్స్, అంటే మోడల్ మీద అంటించే గుర్తులు, నేను విడిగా తెప్పించాను. మూడు రంగుల చక్రాలు, 300వ స్క్వాడ్రన్ (విమాన దళం) గుర్తు తెల్లపులి. వాడు వాటిని ముట్టుకోలేదు. 1956లో ఈజిప్టు మీద జరిగిన సూయెజ్ యుద్ధంలో బ్రిటిష్ నేవీ సీ హాక్‌లకు వేసిన పసుపు, నలుపు చారలే వేస్తానంటాడు. వాడు పుట్టింది బ్రిటన్‌లో, చదివేది అక్కడే. తప్పు పట్టడానికేముంది? అయినా నాకు మనసొప్పలేదు.

1971 యుద్ధంలో, డిసెంబరు 4న విక్రాంత్ మీది నుంచి లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసినవి సీ హాక్‌లే. అప్పటికి ఆ ఓడ బాయిలర్‌కు పగులు, పూర్తి వేగం అందుకోలేదు. మా నాయన ఈ సంగతి చెబుతుంటే నేను అన్నం కలుపుకోవడం మరిచిపోయేవాణ్ణి. మావాడికి చెప్పబోతే "తెలుసు" అని తల వంచుకుని ప్లాస్టిక్ ముక్కలు రుద్దుకున్నాడు.

పని మాత్రం కలిసే చేశాం. ముక్కులో బరువు పెట్టకపోతే ఈ మోడల్ తోక మీద కూలబడుతుంది. ఏడు రోడ్ల దగ్గర సైకిల్ షాపులో బేరింగు గుండ్లు తెచ్చి, లోపల ఒక్కొక్కటే జిగురుతో అంటించాం. తోకలో గొట్టం కనపడక "మంట యాడి నుంచి వస్తాది రా?" అని అడిగాడు మా నాయన. "ఇక్కడ, జేజినాయనా" అని వాడు రెక్కల మొదళ్లు చూపించాడు. ఇంజన్ వదిలే వేడి గాలి రెండుగా చీలి ఇటూ అటూ పోతుందట, అందుకే వెనక ఇంధనం ట్యాంకుకు చోటు దొరికిందట. తడుముకుంటూనే, అంతా తెలుగులో చెప్పాడు. ఇంట్లో తెలుగు మాట్లాడమని నేనెంత పోరినా ఇన్ని మాటలు ఒక్కసారిగా రాలేదు.

సూయెజ్ దాడిని నెహ్రూ గట్టిగా ఖండించాడని వాడితో అన్నాను, చారల ఆలోచన మానుకుంటాడేమోనని.

"మరి తర్వాత అవే విమానాలు ఎందుకు కొన్నారు?"

నా దగ్గర జవాబు లేదు. విక్రాంత్ కూడా బ్రిటన్‌లో హెర్క్యులీస్ అన్న పేరుతో మొదలైన ఓడే, 1961లో బెల్‌ఫాస్ట్‌లో మన చేతికొచ్చింది. "అవసరం పడింది, కొన్యారు" అన్నాడు మా నాయన. మావాడికి అది సరిపోయింది.

నాలాంటి తల్లిదండ్రులకు నేను చెప్పగలిగిందల్లా, పిల్లలతో కలిసి ఏదైనా చేత్తో చేయండి, దేశం గురించి మాటలు వాటంతటవే వస్తాయి అని. కానీ వచ్చే మాటలు మనం కోరుకున్నవే కావాలని నేను ఎందుకు పట్టుబడుతున్నాను? రేపు వాడు నా మొహం చూసి, సరే పులినే అంటిస్తానంటే వద్దనగలనా? అనలేనేమో. అదే నన్ను బాధపెడుతోంది.