ఏ పేజీలు రాయకూడదో ముందు తేల్చుకుందాం

ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో రాసిపెట్టే, వాలంటీర్లు నడిపే డాక్యుమెంటేషన్ ప్రాజెక్టుల లక్ష్యాలు చదివితే చాలాచోట్ల ఒకటే వాక్యం తగులుతుంది: "అందరికీ ఉపయోగపడే సమగ్రమైన, నాణ్యమైన డాక్యుమెంటేషన్ అందించడం." దీన్ని కాదనేవాళ్లు ఎవరూ ఉండరు, చిక్కంతా అక్కడే ఉంది. రేపు ఒకరొచ్చి కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కంపైల్ చేసుకోవడం మీద పెద్ద గైడ్ రాస్తానంటే సరేననాలా, లేక ఇన్‌స్టలేషన్ గైడ్ రెండు వెర్షన్లు వెనకబడి ఉంది, ముందు దాని సంగతి చూడండి అనాలా? ఆ వాక్యం ఏమీ చెప్పదు. కొన్నేళ్లుగా ఇలాంటి ప్రాజెక్టుల్లో రాస్తూ, వేరేవాళ్లు రాసినవి సరిచూస్తూ ఉన్నాను కాబట్టి నాకు గట్టిగా అనిపించే మాట చెబుతాను. ఉన్న కొద్దిమందితో, ఉన్న కొద్ది సమయంలో ఏ పనులు వద్దనుకోవాలో చెప్పగలిగితేనే అది లక్ష్యం.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పెట్టిన లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టునే చూడండి. 1992లో మొదలైంది. ఏం కావాలన్నా నెట్‌లో వెతికితే దొరికే రోజులు కావవి, లినక్స్ నేర్చుకోవాలనుకున్న ఒక తరానికి ఆ ప్రాజెక్టులోని హౌటూలే (ఫలానా పని ఎలా చేయాలో చెప్పే పేజీలే) దిక్కు. ఎవరికి ఏ విషయం తెలిస్తే వాళ్లు దాని మీద ఒక హౌటూ రాసిపెట్టారు, అది చిన్న సేవ కాదు. కానీ రాసినవాళ్లు ఉద్యోగాల్లోనో సంసారాల్లోనో పడిపోయాక చాలా పేజీలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఫైర్‌వాల్ ఒక్కటే తీసుకుందాం. దాన్ని సెట్ చేసుకోవడానికి లినక్స్ కర్నెల్ 2.2లో ఐపీచైన్స్ ఉండేది, 2001లో వచ్చిన 2.4లో దాని బదులు ఐపీటేబుల్స్ వచ్చింది, 2014లో 3.13తో ఎన్ఎఫ్‌టేబుల్స్ వచ్చింది. ఐపీచైన్స్ మీద రాసిన పేజీలో కమాండ్లన్నీ రాసిన రోజున కరెక్టే. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పేజీ తెరిచిన కొత్తవాళ్లకి మాత్రం ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కమాండ్ కాపీ చేసి టెర్మినల్‌లో వేస్తారు, అలాంటి కమాండే లేదని వస్తుంది, తామే ఎక్కడో తప్పు చేశామనుకుని మొత్తం సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి కూర్చుంటారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పేజీ అసలు లేకపోతే వాళ్లు ఇంకోచోట వెతుక్కునేవాళ్లు.

అందుకని లక్ష్యం రాసేటప్పుడు చదివే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోవాలంటాను. "ప్రింటింగ్ గురించి పూర్తి వివరణ" అని రాసే బదులు, "టెర్మినల్ ఎప్పుడూ తెరవని మనిషి, ప్రస్తుత స్టేబుల్ వెర్షన్‌లో, యూఎస్‌బీ ప్రింటర్ తగిలించి ఒక టెస్ట్ పేజీ ప్రింట్ తీసుకోగలగాలి" అని రాసి చూడండి, ఎన్ని విషయాలు ఒక్క దెబ్బతో తేలిపోతాయో. పాత వెర్షన్ల గొడవ పోయింది, నెట్‌వర్క్‌లో ప్రింటర్ షేర్ చేయడం ఇందులోకి రాదు, ప్రింటింగ్ నడిపే కప్స్ (CUPS) సాఫ్ట్‌వేర్ లోపల ఎలా పనిచేస్తుందో వివరించక్కర్లేదు, కమాండ్లు అసలే వద్దు. పేజీ పూర్తయిందా లేదా అన్న వాదన కూడా ఉండదు. అలాంటి మనిషినొకర్ని కూర్చోబెట్టి, మనం నోరు మెదపకుండా పక్కన ఉండి చూస్తే సరి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడ పేజీని దిద్దాలి.

డాక్యుమెంటేషన్‌ని నాలుగు రకాలుగా చూడమనే డయాటాక్సిస్ పద్ధతి చాలామందికి తెలిసిందే: చేయిపట్టి నేర్పే ట్యుటోరియల్, ఫలానా పని ఎలా చేయాలో చెప్పే గైడ్, ఆప్షన్లన్నీ వరసగా చెప్పే రిఫరెన్స్, ఎందుకలా అని చెప్పే వివరణ. మంచి పద్ధతే, నేనూ వాడతాను. అయితే దాన్ని చదివిన ఉత్సాహంలో ప్రతి ఫీచర్‌కీ నాలుగు పేజీలు రాయాలని లక్ష్యం పెట్టుకునేవాళ్లుంటారు, అక్కడితో ప్రాజెక్టు నడుం విరుగుతుంది. రిఫరెన్స్‌ని కోడ్ రాసేవాళ్లకే వదిలేయొచ్చు, ఆప్షన్లు మారినప్పుడు మొదట తెలిసేది వాళ్లకే. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు మ్యాన్ పేజీలో (సిస్టమ్‌తో పాటే వచ్చే మాన్యువల్‌లో) తప్పుంటే దాన్నీ సాఫ్ట్‌వేర్‌లో బగ్ లాగే చూస్తారు. డెవలపర్లతో ఆ ఒప్పందం కుదిరిందంటే వాలంటీర్లు మిగతా వాటి మీద పడొచ్చు. అంతవరకూ ట్యుటోరియల్ ఒకటి, గైడ్లు కొన్ని ఉన్నా చాలు.

సమయం సంగతి కూడా దాచకుండా లెక్కేసుకోవాలి. లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ లాంటివి ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ విడుదల చేస్తాయి. పేజీకి ఐదారు స్క్రీన్‌షాట్లు పెట్టామంటే, మెనూలో ఒక బటన్ చోటు మారిన ప్రతిసారీ అవన్నీ మళ్లీ తీయాలి, అనువాదాలుంటే ఒక్కో భాషకీ విడిగా తీయాలి. మాటల్లో చెప్పగలిగిన చోట స్క్రీన్‌షాట్ వద్దు అన్నది స్టైల్ గైడ్‌లో ఏ మూలనో ఉండే నియమంగా కాకుండా లక్ష్యాల్లోనే ఉండాలని నేను పట్టుబడతాను. వారానికి రెండు మూడు గంటలు ఇవ్వగలిగే మనుషులు ఆ గంటల్లో ఏం చేస్తారనేది ఇలాంటి నిర్ణయాల మీదే ఆధారపడుతుంది.

అనువాదాల విషయంలో ఇంకో మెలిక ఉంది. గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనం వాడే ప్రాజెక్టులో మూల పేజీలో ఎవరో ఒక వాక్యాన్ని కొంచెం నునుపు చేశారనుకోండి. అర్థం ఏమీ మారలేదు, కానీ ఫైళ్లు అప్‌డేట్ చేయగానే ప్రతి భాషలోనూ ఆ వాక్యానికి 'ఫజీ' (మళ్లీ సరిచూడాలి) అన్న గుర్తు పడి కూర్చుంటుంది, అనువాదకులు మళ్లీ చూసి ఓకే చేసేదాకా చదివేవాళ్లకి అక్కడ మూల భాషే కనబడుతుంది. ఇరవై భాషలుంటే ఇరవై మందికి పని. అటు మూల భాషలో శైలి మెరుగుపరచాలన్నది మంచి కోరిక, ఇటు అనువాదాలు నిలబడాలన్నదీ మంచి కోరికే, రెండూ ఒకే వారంలో కుదరవు. ఏది ముందో లక్ష్యాల్లో రాసి ఉంటే ఇద్దరు మంచి మనుషులు కొట్లాడుకోరు. నేనైతే అనువాదకుల వైపు. శైలి దిద్దుబాట్లన్నీ ఒకచోట పోగేసి, విడుదల అయిన వెంటనే ఒకేసారి చేసేస్తే తర్వాతి విడుదల దాకా అనువాదకులకి టైమ్ దొరుకుతుంది.

లైసెన్స్ కూడా మొదటి రోజే తేల్చాల్సిన విషయం. గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్స్ 2000లో వచ్చింది. అందులో మార్చకూడని భాగాలు పెట్టుకునే వీలుంది, అలాంటి భాగాలున్న మాన్యువల్స్ తమ లెక్కలో ఫ్రీ (ఎవరైనా స్వేచ్ఛగా మార్చి పంచుకోగలిగినవి) కావని లినక్స్ ప్రాజెక్టు డెబియన్ 2006లో ఓటింగ్ పెట్టి తేల్చింది. పైగా ఆ లైసెన్స్ కింద ఉన్న పేజీలోని కోడ్ ఉదాహరణని జీపీఎల్ (గ్నూ సాఫ్ట్‌వేర్ లైసెన్స్) కింద ఉన్న ప్రోగ్రామ్‌లో పెట్టుకోవడానికి అదొక్కటే సరిపోదు, కోడ్‌కి విడిగా అనుమతి ఇవ్వాలి. యాభై మంది రాశాక లైసెన్స్ మార్చాలంటే ఆ యాభై మందినీ వెతికి పట్టుకుని ఒప్పించాలి.

ఇక కొలత. "ఈ ఏడాది వంద పేజీలు" లాంటి లక్ష్యం పెట్టకండి, దయచేసి. పేజీల సంఖ్య పెంచడం తేలికే, అవన్నీ రేపు ఎవరో ఒకరు మోయాలి. ప్రతి పేజీ మీదా ఏ వెర్షన్‌లో చేసి చూశారు, ఎప్పుడు చూశారు, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు అన్న మూడు ముక్కలు ఉండాలి. విడుదలకి ముందు వాటిని ఒకసారి తిరగేసి, చూసుకునేవాళ్లు లేని పేజీని, వరసగా రెండు విడుదలల్లో ఎవరూ చేసి చూడని పేజీని విషయసూచిక నుంచి తీసేయాలి. పాత వెర్షన్లన్నీ దాచే గిట్‌లో ఫైలు ఎలాగూ ఉంటుంది, ఎవరైనా ముందుకొస్తే సరిచేసి మళ్లీ ఎక్కించొచ్చు. అంత కష్టపడి రాసింది తీసేస్తారా అని అడుగుతారు, ఆ బాధ నిజమైనదే. అందుకే ఈ నియమం మొదటి పేజీ రాయకముందే లక్ష్యాల్లో ఉండాలి, కొత్తగా చేరేవాళ్లకి మొదట చూపించేది కూడా అదే కావాలి.