బురదలో బోర్లా పడుకుని రెండు రోజులు

రైఫిల్ శిక్షణకి యోగా మ్యాట్ తీసుకెళ్లడం నేను చేసిన మొదటి తప్పు. పడుకుని కాల్చాల్సి ఉంటుంది, కింద ఏదైనా పరుచుకోవడానికి తెచ్చుకోండి అని వాళ్లు ముందే చెప్పారు. ఇంట్లో మూలన పడి ఉన్నది అదొక్కటే. శనివారం ఉదయం ఎనిమిదింటికి రేంజ్‌లో పరిచాను. ఎనిమిదిన్నరకల్లా స్పాంజిలా నీళ్లు పీల్చేసింది. పక్కనే ఒక పెద్దాయన నీలం రంగు టార్పాలిన్‌ని నాలుగు మడతలు వేసి, దాని మీద పాత కార్పెట్ ముక్క పరుచుకుని నిశ్చింతగా కూర్చున్నాడు. మా ఊళ్లో ధాన్యం తడవకుండా కప్పే పట్టా ఉంటుంది చూడండి, అచ్చం అదే. రైతు ఇంట్లో పుట్టి నాకా ఆలోచన రాలేదు.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. మా వాడికి పదమూడేళ్లు. స్కూల్లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం నడుస్తుండగా ఎవరో స్నేహితుడు ప్రాజెక్ట్ ఆపిల్‌సీడ్ గురించి చెప్పాడట. ఇక అప్పటి నుంచి నస. రెండు రోజుల శిక్షణ అది. రైఫిల్ గురి చూసి కాల్చడం నేర్పుతారు, మధ్యమధ్యలో ఆ యుద్ధం మొదలైన 1775 ఏప్రిల్ 19న మాసచూసెట్స్‌లో ఏం జరిగిందో కథగా చెబుతారు. నేర్పేవాళ్లంతా వాలంటీర్లే. నడిపే సంస్థ పేరు రెవల్యూషనరీ వార్ వెటరన్స్ అసోసియేషన్. ‘అప్పటి సైనికులు ఇంకా ఉన్నారా?’ అని మా ఆయన నవ్వారు. పిల్లలతో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. ఆయనకు ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ. అలా ఇది నా మెడకు చుట్టుకుంది. ఎలాగూ రెండు రోజులూ వానలో నిలబడాలి కదా అని నా పేరు కూడా రాయించాను.

తుపాకీ అంటే నాకు భయం. ఈ దేశంలో వచ్చే వార్తలు చూస్తూ స్కూలుకి పిల్లాడిని పంపే ఏ తల్లికైనా ఉండే భయమే. అది ఇప్పటికీ పోలేదు. పైగా చాలా ఏళ్లు మాకు ఆ ప్రశ్నే రాలేదు. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీతో ఫొటోలు దిగి వాట్సాప్‌లో పెట్టే మన కుర్రాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే. మేం మాత్రం గ్రీన్ కార్డులు చేతికి వచ్చాకే వెళ్లాం.

నాకు అనుభవం అంటూ ఉన్నది విజయనగరంలో డిగ్రీ చదివేటప్పటి ఎన్‌సీసీ. క్యాంపులో .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్పించారు. హవల్దార్ సాబ్ వెనక నిలబడి ‘సాఁస్ రోకో, సాఁస్ రోకో’ (ఊపిరి బిగబట్టు) అని అరుస్తుంటే, అసలే రాని హిందీకి ఊపిరి కూడా ఆగిపోయింది. నా ఐదింటిలో రెండు పక్కమ్మాయి టార్గెట్‌లో తేలాయి. ఆమెకు బహుమతి వచ్చింది.

ఇక్కడ మొదటి గంట తూటా ముట్టుకోనివ్వలేదు. అంతా భద్రతే. నాలుగు నియమాలు: తుపాకీ మూతి ఎప్పుడూ సురక్షితమైన వైపే ఉండాలి. లోడ్ చేయమనేవరకు లోడ్ చేయకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. నాలుగోది నాకు నచ్చింది: పక్కవాళ్లు కూడా ఇవి పాటిస్తున్నారో లేదో నువ్వే చూడాలి. ఏ చిన్న తేడా కనిపించినా ఎవరైనా ‘సీజ్ ఫైర్’ అని అరవచ్చు, పదేళ్ల పిల్లయినా సరే. కాల్పులు ఆగాక తూటాలుండే మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, సేఫ్టీ వేసి, తూటా కూర్చునే ఛాంబర్‌లో రంగు ప్లాస్టిక్ ముక్క గుచ్చి, అందరూ వెనక్కి జరగాలి. ఆ తర్వాత ఎవరూ రైఫిల్‌ని ముట్టుకోకూడదు. ఎరుపు టోపీలు పెట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్లు లైను ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కొక్క రైఫిల్ చూసుకుంటూ వెళ్లాకే టార్గెట్ల దగ్గరికి నడవనిచ్చేవారు. పొద్దున ఈ తతంగం చూసి విసుగు పుట్టింది. మధ్యాహ్నానికి అదే నా భయాన్ని సగం తగ్గించింది.

మొదట పదమూడు తూటాలిచ్చారు, అప్పటి పదమూడు కాలనీలకు గుర్తుగా. టార్గెట్ మీద ఎర్రకోటు బ్రిటిష్ సైనికుల బొమ్మలు నాలుగు, ఒకదాని కన్నా ఒకటి చిన్నవి. నిజానికి మేం కాలుస్తున్నది 25 మీటర్ల నుంచే. కానీ ఆ బొమ్మల సైజును 100, 200, 300, 400 గజాల దూరంలో కనిపించేంతకు తగ్గించి వేశారు. ఒక్కోదానికి మూడు తూటాలు, పదమూడోది ఒక చిన్న చెక్కపెంకు బొమ్మకు. ఆ యుద్ధంలో అమెరికా వైపు రైఫిల్ దళం నడిపిన డేనియల్ మోర్గాన్ తన దళంలోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు 250 గజాల నుంచి అలాంటి గురి పెట్టించేవాడని చెప్పుకుంటారట. నా పదమూడింటిలో బొమ్మలకు తగిలినవి నాలుగు. మా వాడివి తొమ్మిది.

వాన, అన్నాను నేను.

నిజంగానే వాన అలా ఉంది. పైకప్పు లేదు. రైఫిల్ వెనక సైటుకి చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి చూసి ముందు సైటును గురి మీద నిలపాలి. ఆ రంధ్రంలో నీటి బొట్టు నిలిచేది. ఉఫ్ అని ఊది మళ్లీ చూసేసరికి కళ్లజోడు మసకబారేది. టార్గెట్ కాగితాలు తడిసి, తగిలిన చోట గుండ్రని చిల్లు పడకుండా చిరుగులు పడేవి. తర్వాత వాటికి ప్లాస్టిక్ కవర్లు తొడిగారు. వేళ్లు కొంకర్లు పోయి మ్యాగజైన్‌లో తూటాలు ఎక్కించలేక బురదలో పడేసేదాన్ని. ఇసుక అంటుకున్న తూటా లోపల ఇరుక్కునేది. చేతికి బిగించే బెల్టు, వాళ్లు స్లింగ్ అంటారు, తడిసి రాయిలా గట్టిపడింది. తుపాకీ బరువును కండరాల మీద కాకుండా ఎముకల మీద, ఈ బెల్టు మీద మోయాలట. వినడానికి బాగుంది. నా జబ్బ నీలమైంది.

పదకొండింటికి ఒక ఇన్‌స్ట్రక్టర్ నా పక్కన బురదలోనే మోకాళ్ల మీద కూర్చుంది. నా వయసే ఉంటుంది. ‘గురి పెట్టు. ఇప్పుడు కళ్లు మూసుకో. ఊపిరి తీసి వదులు. ఇప్పుడు తెరువు’ అంది. తెరిచాను. ముందు సైటు టార్గెట్‌కి ఒక జానెడు ఎడమకు పోయి ఉంది. ‘నీ ఒళ్లు చూస్తున్నది అక్కడికి. నువ్వు బలవంతంగా ఇటు లాగుతున్నావు’ అంది. ఎడమ మోచెయ్యి మేకులా అక్కడే ఉంచి, మిగతా ఒళ్లంతా దాని చుట్టూ కొద్దిగా జరగాలి. మళ్లీ కళ్లు మూయాలి, తెరవాలి, సరిపోయేదాకా. అప్పుడు కాల్చాలి, అదీ ఊపిరి వదిలాక సహజంగా వచ్చే ఆ చిన్న విరామంలో. బిగబట్టక్కర్లేదు. ఇరవై ఐదేళ్లకు హవల్దార్ సాబ్ చెప్పబోయింది అర్థమైంది.

ఆ తర్వాతి ఐదు తూటాలూ ఒక అంగుళం చదరమంత చోటులో పడ్డాయి. టార్గెట్ మీద గీసిన చదరం లోపల కాదు, దానికి కాస్త కుడివైపు. ఆమెకు అదేం పట్టలేదు. ఒకేచోట పడితే చాలు, సైటును జరపడం లెక్కే అంది. 25 మీటర్ల దగ్గర పావు అంగుళం అంటే దాదాపు ఒక మినిట్ (కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు), సైటు ఒక క్లిక్కుకు ఎంత జరుగుతుందో తెలిస్తే భాగహారం. మా వాడు ఆ లెక్క నాకన్నా ముందే చెప్పేశాడు. నాకు మాత్రం ఒక విషయం మింగుడుపడలేదు. పొద్దుటి నుంచి వాన వల్ల అనుకున్న తప్పుల్లో సగం నేను బలవంతంగా లాగడం వల్ల వచ్చినవి.

మధ్యాహ్నం టెంటు కింద నిలబడి పులిహోర తింటూ కథ విన్నాం. చెప్పేవాళ్లు కాగితం చూడలేదు. ఏప్రిల్ 18 రాత్రి దాదాపు 700 మంది బ్రిటిష్ సైనికులు బోస్టన్ నుంచి పడవల్లో వచ్చి, ఒడ్డుకు ముందే దిగి నీళ్లలో నడిచి, తడి బూట్లతోనే కాంకర్డ్‌కి బయలుదేరారు. అక్కడ దాచిన ఆయుధాల కోసం. పాల్ రెవీర్, విలియం డాస్ గుర్రాల మీద ముందే వెళ్లి ఊళ్లను లేపారు. రెవీర్ దారిలో పట్టుబడ్డాడు. కాంకర్డ్ దాకా కబురు చేర్చింది శామ్యూల్ ప్రెస్కాట్ అనే కుర్ర డాక్టర్. తెల్లవారుజామున లెక్సింగ్టన్ పచ్చిక మీద ఊరి దళం కెప్టెన్ జాన్ పార్కర్ వెంట నిలబడినవాళ్లు ఎనభై మందికి లోపే. ఆయనకు అప్పటికే క్షయ. అక్కడ ఎనిమిది మంది పోయారు. నా సాక్సుల్లో నీళ్లు చప్పుడు చేస్తుంటే, ఆ తడి బూట్ల సంగతి మాత్రం నాకు ఇట్టే అర్థమైంది.

నన్ను కదిలించింది ఐజాక్ డేవిస్. ఆక్టన్ ఊరి వాడు, తుపాకులు తయారుచేసే పని, ముప్పై ఏళ్లు. ఇంట్లో నలుగురు పిల్లలూ జబ్బుతో ఉన్నారు. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకో అని భార్యతో చెప్పి వెళ్లాడు. కాంకర్డ్ నార్త్ బ్రిడ్జి దగ్గర తన మనుషులకు ముందు నడుస్తూ మొదటి కాల్పుల్లోనే పోయాడు. భార్య హానా ముసలితనంలో ఈ మాటలు గుర్తుచేసుకుందట. చెబుతున్న ఆయన గొంతు అక్కడ ఆగింది. నేను మా వాడి టోపీ సరిచేస్తున్నట్టు నటించాను.

ఆ యుద్ధానికి దారితీసిన గొడవల్లో టీ గొడవ ఒకటి కదా. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో నీళ్లపాలు చేసిన టీ ఈస్ట్ ఇండియా కంపెనీది. నేను ఆ మాట విన్నప్పుడు నా చేతిలో ఫ్లాస్కులోంచి పోసుకున్న అల్లం టీ ఉంది. అందరూ నా కప్పు వంక చూసి నవ్వారు. అడిగినవాళ్లందరికీ తలా కాస్త పోశాను. విప్లవకారుల వారసులు రెండోసారి అడిగి మరీ తాగారు.

రాత్రి ఇంటికొచ్చి మోచేతులకు జండూ బామ్ రాసుకున్నాను. తోలు లేచిన చోట దాన్ని రాయకూడదని అప్పుడు తెలిసింది.

ఆదివారం వాన తగ్గి గాలి పెరిగింది. మధ్యలో మంచు రవ్వలు ముఖానికి కొట్టాయి. లైనులో నిన్నటి కన్నా నలుగురు తగ్గారు. నేను గ్యారేజీలోంచి టార్పాలిన్ వెతికి తెచ్చుకున్నాను. ఆ రోజంతా పరీక్షే. నలభై తూటాలు, 250 పాయింట్లు. 210 వస్తే రైఫిల్‌మన్ అనే బ్యాడ్జి ఇస్తారు. నిలబడి పది తూటాలకు రెండు నిమిషాలు. కూర్చుని పదింటికి 55 సెకన్లు, పడుకుని పదింటికి 65 సెకన్లు, ఈ రెంటిలోనూ మధ్యలో మ్యాగజైన్ మార్చాలి. చివరగా పడుకుని అన్నిటికన్నా చిన్న బొమ్మల మీద ఐదు నిమిషాల్లో పది, వాటికి పాయింట్లు రెట్టింపు.

నిలబడి కాల్చడంలో గాలి నన్ను కొట్టి పడేసింది. కానీ కూర్చునే దశలో నా పరువు నిలబడింది. నిలబడ్డవాళ్లు గబుక్కున నేల మీద కూర్చుని రెండు మోకాళ్ల మీద మోచేతులు ఆనించాలి. చుట్టూ ఉన్న పెద్ద పెద్ద మనుషులు మూలుగుతూ, ఒక చెయ్యి నేలకు ఆన్చి దిగుతుంటే, నేను బాసింపట్టు వేసుకుని అప్పటికే గురి చూస్తున్నాను. జీవితమంతా చాప మీద కూర్చుని తిన్నందుకు ఇన్నాళ్లకు పాయింట్లు వచ్చాయి. నిన్నటి ఇన్‌స్ట్రక్టర్ మిగతావాళ్లను పిలిచి నా కూర్చున్న తీరు చూపించింది. ఇంత పొగడ్త నాకు ఆఫీసులో ఎప్పుడూ రాలేదు.

మధ్యలో ఒక కథ విరామం. శామ్యూల్ విట్టెమోర్ అని, దాదాపు ఎనభై ఏళ్ల ముసలాయన, తిరిగి వెళ్తున్న బ్రిటిష్ సైనికులకు మెనోటమీ అనే ఊళ్లో ఒంటరిగా ఎదురు నిలిచాడు. ముఖం మీద తూటా తగిలి, బయొనెట్లతో పొడిచి చనిపోయాడనుకుని వదిలేస్తే, బతికి 1793 దాకా ఉన్నాడు. పక్కనున్న టార్పాలిన్ పెద్దాయన ఈ కథకు గట్టిగా చప్పట్లు కొట్టాడు.

నాలుగుసార్లు పరీక్ష పెట్టారు. నాది 131తో మొదలై 187 దగ్గర ఆగింది. మా వాడు మూడోసారికి 206. నాలుగోసారి 198. చివర్లో మళ్లీ అవే ఎర్రకోటు బొమ్మలు, అవే పదమూడు తూటాలు. నావి పది తగిలాయి. చెక్కపెంకు తగలలేదు. మా వాడికి తగిలింది, కానీ వాడు సంతోషపడే స్థితిలో లేడు. నాలుగు పాయింట్లు.

కారులో హీటరు పెట్టాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘వాన లేకపోతే వచ్చేదమ్మా’ అన్నాడు. నేను కాదనలేదు. పదమూడేళ్ల పిల్లాడు, రెండు రోజులు తడిశాడు, ఆ మాత్రం అననివ్వాలి.

కాసేపాగి, ‘మన ఊళ్లో కూడా ఇలాంటివి జరిగాయా?’ అని అడిగాడు. ఆ టీ కంపెనీయే 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులు తీసుకుందని చెప్పాను. విజయనగరం రాజు చిన్న విజయరామరాజు కట్టాల్సిన పేష్కష్, అంటే కప్పం, బకాయిల మీద గొడవ మొదలైందని, కంపెనీ వాళ్లు ఆయన్ని ఊరు వదిలి పొమ్మన్నారని, చివరికి పద్మనాభం దగ్గర యుద్ధం జరిగిందని చెప్పాను. ఎప్పుడు అన్నాడు. 1794, నువ్వు ఇవాళ విన్న ముసలాయన పోయిన మరుసటి ఏడాది అన్నాను. పద్మనాభం ఎక్కడ అన్నాడు. విజయనగరం నుంచి భీమిలి వైపు వెళ్తుంటే కొండ కనిపిస్తుంది, నువ్వు చిన్నప్పుడు ఆ మెట్లెక్కావు, ఏడుస్తూ, అన్నాను.

రాజుగారు తన మనుషులతో పద్మనాభం చేరేసరికి వాడు నోరు తెరుచుకుని నిద్రపోయాడు. బురద బూట్లు డాష్‌బోర్డు మీదే ఉన్నాయి.