జమ్ము ఆకును అడ్డంగా కోసి చూడండి

చిత్తడి నేల అనగానే చాలామందికి దోమలు, బురద, పనికిరాని జాగా గుర్తొస్తాయి, అందుకే మట్టి పోసి చదును చేసేస్తారు, నాకైతే అది చూస్తే కడుపు రగిలిపోతుంది. అక్కడ పెరిగే ఒక్క జమ్ము ఆకును అడ్డంగా కోసి చూడండి. లోపలంతా వరసగా గాలి గదులే. నీళ్లు నిండిన బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు కదా, ఆకుల్లోని గాలి ఆ గదుల దారిన వేర్లదాకా దిగుతుంది, వేర్ల నుంచి కాస్త బయటికి కూడా వస్తుంది, దాంతో పక్కన మట్టి తుప్పు రంగుకి మారుతుంది. తామర తూడులో కనిపించే రంధ్రాలూ ఇందుకే.

ఆక్సిజన్ లేకపోవడం వల్లే రాలిన ఆకులు త్వరగా కుళ్లవు, పీట్‌గా, అంటే సగం కుళ్లిన మొక్కల పొరలుగా, పేరుకుంటాయి. భూమ్మీద నేలలో 3 శాతమే ఉన్న పీట్ నేలలు ప్రపంచంలోని అడవుల్లో ఉన్న చెట్లన్నిటికంటే ఎక్కువ కార్బన్ దాచుకున్నాయి! కాలువ తవ్వి నీళ్లు తీసేస్తే అదంతా మెల్లగా గాల్లో కలుస్తుంది.

1971లో చిత్తడి నేలల్ని కాపాడేందుకు దేశాల మధ్య రామ్‌సర్ ఒప్పందం కుదిరింది, మంచిదే. కానీ ఒక చిత్తడి నేల పేరు ఆ ఒప్పందం జాబితాలో చేరితే చాలదు, ముందు నీటి దారులు మూసేయకుండా చూడాలి. గుర్రపుడెక్క పీకడం ఆ తర్వాత, మురుగు కలుస్తున్నంతకాలం అది మళ్లీ కమ్మేస్తూనే ఉంటుంది.