మౌంట్ అవుతోంది కానీ గ్రబ్ చదవనంటోంది: నా ఎస్ఎస్‌డీ అనుభవం

మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ మార్చి లినక్స్ ఎక్కిద్దామని కూర్చున్నా, గంట పని అనుకుంటే రాత్రి రెండయింది. నా దగ్గర రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒకదాంట్లో కొత్త లైవ్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్), ఇంకోదాంట్లో వాడు అడిగిన పాత డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం). కొత్తదాంతో బూట్ చేసి ఎస్ఎస్‌డీని ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫైల్‌సిస్టమ్) ఫార్మాట్ కొట్టేసి, పాత ఇన్‌స్టాలర్‌లో ఫార్మాట్ టిక్ తీసేశా, అదీ నా అతితెలివి. మధ్యలో ఫైల్‌సిస్టమ్ చెక్ ఫెయిల్ అని ఏదో అడిగింది, చదవకుండా కంటిన్యూ కొట్టా.

ఫైల్స్ అన్నీ కాపీ అయ్యాయి, తీరా చివర్లో గ్రబ్-ఇన్‌స్టాల్ దగ్గర "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" (గ్రబ్ అంటే కంప్యూటర్ ఆన్ అవ్వగానే లినక్స్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్). బూట్ ఫైల్స్ ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్ మీద అనుమానంతో దాన్ని రెండుసార్లు ఫార్మాట్ చేశా, సెక్యూర్ బూట్ ఆపేశా, ఏమీ లాభం లేదు. విచిత్రం ఏంటంటే లినక్స్ ఎక్కించిన అదే రూట్ పార్టిషన్‌ని మౌంట్ చేస్తే (అంటే సిస్టమ్‌కి తగిలిస్తే) శుభ్రంగా ఓపెన్ అవుతోంది!

అప్పుడు వెలిగింది, కెర్నెల్ (లినక్స్ అసలు గుండెకాయ) చదివితే గ్రబ్‌కి ఒరిగేదేం లేదు, బూట్ టైమ్‌లో కెర్నెల్ ఇంకా లోడే అవ్వదు కదా, అందుకే గ్రబ్ తన సొంత డ్రైవర్‌తో చదువుకుంటుంది. ఫైల్‌సిస్టమ్ వివరాలు చూపించే డంప్‌ఈ2ఎఫ్ఎస్ కమాండ్ కొట్టి ఫీచర్స్ లైన్ చూస్తే మెటాడేటా_సీసమ్_సీడ్ అనే ఫీచర్ కనపడింది. 2023లో వచ్చిన ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ (ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసే టూల్స్) 1.47.0 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్, వీడి డిస్ట్రోలో ఉన్నదేమో 2021 నాటి గ్రబ్ 2.06. తనకి తెలియని ఇన్‌కంపాట్ ఫ్లాగ్ (ఈ ఫీచర్ తెలియకపోతే తెరవొద్దు అని చెప్పే గుర్తు) కనపడితే గ్రబ్ ఆ ఫైల్‌సిస్టమ్‌ని ముట్టుకోదు. నవ్వొచ్చేదేంటంటే ఆ సీడ్ చెక్‌సమ్‌ల (డేటా పాడైందో లేదో చూసే లెక్కల) కోసం, గ్రబ్ ఆ చెక్‌సమ్‌లు అసలు చూడనే చూడదు, 2.12లో చేసిందల్లా ఆ ఫ్లాగ్‌ని పట్టించుకోకుండా వదిలేయడమే.

పాత పెన్‌డ్రైవ్‌లోంచి ఫీచర్లు మార్చే ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో తీసేద్దామంటే ఫీచర్_సీ12 ఏంటో నాకు తెలీదు అని మొరాయించింది. అది ఆర్ఫన్_ఫైల్, అదీ కొత్త డిఫాల్టే, ఇందాక ఇన్‌స్టాలర్ మొత్తుకుంది కూడా దీని గురించే అన్నమాట. మళ్లీ కొత్త పెన్‌డ్రైవ్ పెట్టి, అన్‌మౌంట్ చేసి, మైనస్ ఓ తర్వాత రెండు పేర్ల ముందూ టోపీ గుర్తు పెట్టి తీసేశా, ఒక ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ చెక్) నడిపి, క్రూట్‌తో ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్ లోపలికెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే ఈసారి "నో ఎర్రర్ రిపోర్టెడ్".

మొదట్లోనే పాత ఇన్‌స్టాలర్‌కి ఫార్మాట్ వదిలేసుంటే ఇంత గోలే లేదు. పొద్దున్నే లేచి మా వాడు "వాల్‌పేపర్ మార్చలేదేంటి అన్నయ్యా" అన్నాడు.