బడి తొట్టిలో చమ్ సాల్మన్: డిసెంబర్ నుంచి మార్చి దాకా పని చిట్టా

సీటెల్ ఉత్తర భాగంలోని ఒక ఎలిమెంటరీ స్కూల్లో ఈ సీజన్ నడిచిన సాల్మన్ తొట్టి లెక్కలివి. గుడ్లు చమ్ అనే సాల్మన్ జాతివి. వాటినుంచి వచ్చిన చేపపిల్లల్ని వదిలేది కార్కీక్ పార్కులోని పైపర్స్ క్రీక్ అనే వాగులో. ఆ వాగులో ఒకప్పుడు సాల్మన్ పూర్తిగా పోయింది. సుక్వామిష్ తెగవాళ్ళ గ్రోవర్స్ క్రీక్ హేచరీ (చేపగుడ్లు పొదిగించే కేంద్రం) నుంచి వచ్చిన చమ్‌తో మళ్ళీ మొదలైంది. ఇప్పుడు నవంబర్‌లో గట్టు మీద నిలబడితే పెద్ద చేపలు ఎదురీదుతూ కనిపిస్తాయి.

బోథెల్, రెడ్‌మండ్, సమామిష్ వైపు బళ్ళలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు ఇలాంటి తొట్టికి సాయపడాలనుకుంటే, చందాల కన్నా ముందు ఏ రోజు ఎవరు వస్తారన్న పట్టిక తేల్చుకోవాలి. సామాను ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది. చేపలు పోయే ప్రమాదం మాత్రం బడికి తాళం పడ్డ రోజుల్లో ఎక్కువ. అనుమతి సంగతి కూడా మొదటే చూసుకోవాలి: వాషింగ్టన్‌లో సాల్మన్ గుడ్లు ఉంచుకోవడానికీ, తరలించడానికీ, వాగులో వదలడానికీ రాష్ట్ర చేపల శాఖ అనుమతి తప్పనిసరి. ఏ చేప ఏ వాగుకో అందులో రాసి ఉంటుంది, మన ఇష్టానికి మార్చకూడదు.

డిసెంబర్ మొదటి వారం

55 గాలన్ల తొట్టి, అంటే సుమారు 208 లీటర్లు. నిండితే 280 కిలోలు దాటుతుంది, తరగతి గదిలోని మామూలు బల్ల ఆగదు; ఇనుప స్టాండ్ కావాలి. నీళ్ళని చల్లబరిచే యంత్రం, చిల్లర్, పావు హార్స్‌పవర్‌ది. దాని వెనక అడుగు ఖాళీ వదలాలి, గోడకి ఆనిస్తే వేడి గాలి అక్కడే తిరుగుతూ మోటారు ఆగకుండా పనిచేస్తుంది. తొట్టికి నాలుగు వైపులా, అడుగున, మూత మీద 2 అంగుళాల ఫోమ్ షీటు. ముందు వైపు ముక్క తలుపులా తీసిపెట్టుకునేట్టు ఉండాలి, పిల్లలు చూసేది అక్కడినుంచే. ఫోమ్ లేకపోతే అద్దానికి చెమట పట్టి నేల తడిసి, ప్లగ్గుల దాకా నీళ్ళొస్తాయి. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి ఓసారి వేలాడి మళ్ళీ పైకెక్కాలి, అప్పుడు జారిన బొట్టు ప్లగ్గులోకి పోదు.

బఠాణీ గింజంత గులకరాళ్ళు 20 కిలోలు, సబ్బు తగలకుండా నీళ్ళతోనే కడిగి అడుగున పరిచాం. రాగి పైపుల్లో రాత్రంతా నిలిచిన నీళ్ళు పట్టొద్దు, సాల్మన్‌కి రాగి విషం. పది నిమిషాలు వదిలేసి తర్వాత పట్టాలి. కుళాయి క్లోరిన్‌కి సోడియం థయోసల్ఫేట్ మందు. మీ ఊరి నీళ్ళలో క్లోరమైన్ ఉంటే, అది విరిగినప్పుడు అమ్మోనియా మిగులుతుంది కాబట్టి దాన్ని కూడా పట్టే మందు తీసుకోవాలి.

చాలా బళ్ళలో తప్పు జరిగేది ఈ దశలోనే. నీళ్ళు పోయగానే చిల్లర్ వేసేస్తారు. అమ్మోనియాని తినే బ్యాక్టీరియా చల్లటి నీళ్ళలో చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే మూడు నాలుగు వారాలు గది వేడిలోనే ఫిల్టర్ నడపాలి. అమ్మోనియం క్లోరైడ్ వేసి అమ్మోనియాని 2 పీపీఎంకి (పది లక్షల వంతుల్లో రెండుకి) తెచ్చి, అది ఒక్క రోజులో సున్నాకి పడిపోయేదాకా ఆగి, అప్పుడు చల్లబరచాలి. జనవరి 3కి మా తొట్టి ఆ స్థితికి వచ్చింది. నీళ్ళు దాదాపు అన్నీ మార్చి చిల్లర్ 10 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టాం.

జనవరి 8

220 గుడ్లు వచ్చాయి. తడిగుడ్డలో చుట్టి, ఐస్ నేరుగా తగలకుండా చిన్న కూలర్‌లో తెచ్చారు. గుడ్డులో నల్లటి కళ్ళు రెండూ కనిపించే దశ ఇది. అంతకు ముందు దశలో గుడ్డు కదిలితే చస్తుంది. గిన్నెలో పెట్టి తొట్టి నీళ్ళు కొద్దికొద్దిగా కలుపుతూ అరగంట ఆగాం. తర్వాత జల్లెడ బుట్టలోకి మార్చాం. బుట్ట కన్నాలు గుడ్డు జారనంత సన్నగా, పుట్టిన పిల్ల జారేంత వెడల్పుగా ఉండాలి. తొట్టికి నల్ల కాగితం కప్పాం. నేరుగా పడే వెలుతురు గుడ్డుకి హాని.

హేచరీ చీటీ మీద 360 అని ఉంది. గుడ్డు ఫలదీకరణ అయిన రోజు నుంచి రోజువారీ సగటు ఉష్ణోగ్రతని సెల్సియస్‌లో కూడుకుంటూ పోతే వచ్చే మొత్తం అది. 10 డిగ్రీల నీళ్ళలో రోజుకి 10 చేరుతుంది. చమ్ 475 నుంచి 550 మధ్య పొదుగుతుంది, 900 నుంచి 1000 మధ్య పైకి ఈదుతుంది. మూడో తరగతి పిల్లలు ఈ కూడిక గోడ మీది చార్టులో రోజూ రాస్తే, ఏ రోజు పొదుగుతాయో వాళ్ళే చెప్పేస్తారు. ఈ పనంతటిలో చదువు ఎక్కువగా ఉన్నది ఇక్కడే అని మా అభిప్రాయం.

తెల్లబడ్డ గుడ్డు చచ్చినట్టే. దాని మీద దూదిలాంటి బూజు పట్టి పక్క గుడ్లకి పాకుతుంది, కాబట్టి రోజూ పొద్దున్నే రబ్బరు బుడ్డి ఉన్న పిప్పెట్‌తో తీసేయాలి. మొత్తం 9 తీశాం.

జనవరి 22 నుంచి 26

ఉష్ణోగ్రతల మొత్తం 500 దగ్గర మొదటి చేపపిల్లలు వచ్చాయి, 540కి అన్నీ. పొదిగే రోజుల్లో గుడ్డు పెంకుల వల్ల నీళ్ళ మీద నురగ కడుతుంది, వాసన వస్తుంది. కంగారు పడక నురగ తీసి పావు వంతు నీళ్ళు మార్చాలి. ఫిల్టర్ పీల్చే గొట్టానికి స్పాంజి తొడిగి ఉండాలి. లేకపోతే పొట్ట కింద పచ్చసొన సంచితో ఉన్న పిల్లలు గొట్టంలోకి పోతాయి. అవి రాళ్ళ సందుల్లో చేరి వారాల తరబడి కదలవు. అన్నీ చచ్చాయనుకుని రాళ్ళు కెలికితే నిజంగానే చస్తాయి.

ఇక్కడే నీళ్ళని 8 డిగ్రీలకి దించాం, పిల్లలు పైకి వచ్చేది మార్చి మధ్యకి పడాలని.

ఫిబ్రవరి

పచ్చసొన సంచే ఆహారం కాబట్టి మేత లేదు, పని తక్కువ. సెలవుల వారంలో గాలివానకి కరెంటు 7 గంటలు పోయింది. ఫోమ్ ఉండటంతో నీళ్ళు 8 నుంచి 10 దాకానే ఎక్కాయి. ఆ రోజు వంతున్న కుటుంబం రెండు పనులు చేసింది: బ్యాటరీతో నడిచే గాలి పంపు వేయడం, ఫ్రీజర్‌లో ముందే గడ్డకట్టించి ఉంచిన మూత బిగించిన సీసాలు తేలవేయడం. విడి ఐస్ ముక్కలు వేయకూడదు, వాటిలో కుళాయి క్లోరిన్ ఉంటుంది. కరెంటు వచ్చాక చిల్లర్ కన్నా ముందు పంపు తిరుగుతోందో లేదో చూడాలి. నీళ్ళు పారకుండా చిల్లర్ నడిస్తే లోపల గడ్డకడుతుంది.

ఇంకో జాగ్రత్త. బడిని శుభ్రం చేసే సిబ్బందికి తొట్టి చూపించి, ప్లగ్గు మీద ‘ఆపవద్దు’ అని వాళ్ళ భాషలో కూడా రాసి అంటించాలి. రాత్రి లైట్లతో పాటు స్విచ్చి ఆపేయడం తరచూ జరిగేదే.

ఈ దశలో పోయినవి 5.

మార్చి 12

ఉష్ణోగ్రతల మొత్తం 900 దాటింది. పచ్చసొన అయిపోయి పొట్ట గీత మూసుకున్న చేపపిల్లలు పైకి ఈదుతున్నాయి. సగానికి పైగా పైకి వచ్చాకే మేత మొదలు. అర మిల్లీమీటరు పొడి మేత, రెండు వేళ్ళకి అంటినంత, రోజుకి మూడు సార్లు. బడి పిల్లలంతా తామే వేస్తామంటారు, వేయనిస్తే తొట్టి పాడవుతుంది. మార్చి 16న అదే జరిగింది. ఒకే రోజు ఆరు సార్లు పడింది, మర్నాడు అమ్మోనియా 1 పీపీఎం, 7 చేపపిల్లలు పోయాయి. వరుసగా మూడు రోజులు మూడో వంతు నీళ్ళు మార్చి, రాళ్ళ మీది మడ్డి గొట్టంతో లాగితే 0.25 కిందికి దిగింది. అప్పటినుంచి ఒక రోజు మేతని పొద్దున్నే చిన్న డబ్బాలో కొలిచి పెడుతున్నాం. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. శని, ఆదివారాలు మేత వేయం. రెండు రోజులు తినకపోతే చేపపిల్లలకేమీ కాదు. వచ్చిన వలంటీరు ఉష్ణోగ్రత, అమ్మోనియా చూసి చార్టులో రాసి వెళ్తే చాలు.

మార్చి 27

ఈ రోజు వాగులో వదలడం. ముందు రోజు మేత ఆపాం. మూత ఉన్న రెండు 5 గాలన్ల బకెట్లు, బ్యాటరీ పంపులు, ఒక్కో గడ్డ సీసా. వాగు నీళ్ళు 9 డిగ్రీలు, బకెట్ 8. తేడా ఇంకా ఎక్కువుంటే వాగు నీళ్ళు కలుపుతూ ఇరవై నిమిషాలు ఆగాలి. ప్రతి విద్యార్థికీ గ్లాసులో ఒకటి రెండు చేపలు, నీళ్ళ అంచున వంగి మెల్లగా వదలాలి, పైనుంచి పోయకూడదు. వదిలినవి 199.

బడి పిల్లలు వానాకాలం మురికినీళ్ళ గురించి అడిగారు. కారు టైర్లలోని ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుందని, రోడ్డు నీళ్ళతో వాగుల్లోకి చేరి కోహో అనే మరో సాల్మన్ జాతిని గంటల్లో చంపుతుందని 2020లో తేలింది. చమ్ దానికి తట్టుకుంటుంది, పైగా దాని పిల్లలు వాగులో ఎక్కువ కాలం ఉండకుండా సముద్రం వైపు వెళ్ళిపోతాయి. నగరం మధ్య వాగుకి చమ్ నప్పడానికి ఇదొక కారణం. తెలుగు ఇళ్ళ పిల్లలకి గోదావరి పులసతో పోల్చి చెబితే చప్పున అందింది: అదీ సముద్రం నుంచి ఏటికి ఎదురీది వచ్చి గుడ్లు పెట్టేదే. చమ్ మాత్రం గుడ్లు పెట్టాక చనిపోతుంది, పులస అలా కాదు.

తొట్టి నీళ్ళు వాగులోకి గానీ వాన కాలువలోకి గానీ పోయకూడదు. గడ్డి మీద పోశాం. బూట్లు తోమి పూర్తిగా ఆరబెట్టాలి, ఇక్కడి కొన్ని వాగుల్లో న్యూజిలాండ్ బురద నత్త ఉంది. రాళ్ళు, వలలు పదో వంతు బ్లీచ్ కలిపిన నీళ్ళలో ముంచి, కడిగి, ఎండబెట్టాం. చిల్లర్ ఫిల్టర్ జాలీ దుమ్ము దులిపాం. ఫిల్టర్ స్పాంజి చిరిగింది, డిసెంబర్ లోపు కొత్తది రెండు కొనాలి. వారాంతాల పట్టికలో ఫిబ్రవరి మూడో వారానికి ఇంకా ఇద్దరు కావాలి.