నిమిషానికి ఎన్ని అక్షరాలు: హైదరాబాద్ బడిలో నా ఇంటర్న్‌షిప్

ఎమ్మెస్సీ సైకాలజీ మూడో సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తారని అడిగితే మా బ్యాచ్‌లో ఎక్కువ మంది ఆసుపత్రే అన్నారు. సర్టిఫికెట్ మీద ఆసుపత్రి పేరుంటే చూడ్డానికి బాగుంటుంది, రకరకాల కేసులూ కనిపిస్తాయి. నేను బడి కావాలన్నాను. మా గైడ్ మేడమ్ నవ్వారు. "ఆసుపత్రికి కేసు నడిచి వస్తుంది. బడిలో పిల్లలుంటారు, అందులో ఎవరికి ఏం కావాలో నువ్వే వెతుక్కోవాలి. ఓపిక ఉందా?" అన్నారు. ఉందనే అన్నాను.

మేం చదివిన పుస్తకాల్లో స్కూల్ సైకాలజీ అంటే దాదాపు అమెరికాయే. అక్కడి స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం నాస్ప్ ప్రమాణాల ప్రకారం ఇంటర్న్‌షిప్ కనీసం 1200 గంటలు, అందులో 600 గంటలు బడిలోనే చేయాలి. 500 మంది పిల్లలకు ఒక సైకాలజిస్ట్ ఉండాలని కూడా ఆ సంఘం చెబుతుంది. మన దగ్గర సీబీఎస్ఈ బడులకైనా కౌన్సెలర్, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని నిబంధన ఉంది. నేను లెటర్ పట్టుకుని తిరిగిన స్టేట్ సిలబస్ ప్రైవేటు బడుల్లో అసలు ఆ పోస్టే లేదు. ఒకచోట కరస్పాండెంట్ సార్ ఊళ్లో లేరన్నారు. ఎప్పుడొస్తారంటే వాచ్‌మన్‌కీ తెలియదు. ఇంకోచోట "సైకాలజీ సరేనమ్మా, స్పోకెన్ ఇంగ్లిష్ క్లాస్ కూడా తీసుకుంటావా?" అని అడిగారు. చివరికి మలక్‌పేటలో ఒక బడి ఒప్పుకుంది. పదో తరగతి వరకు ఉంది, ఇంగ్లిష్ మీడియం. సగం మంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడితే సగం మంది ఉర్దూ మాట్లాడతారు. గుర్తుపట్టకుండా ఉండేందుకు పిల్లల వివరాలు ఇక్కడ కొంచెం మార్చి రాస్తున్నాను.

నాకు ఇచ్చింది సిక్ రూమ్. ఒక మంచం, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, గోడకి ఎత్తు కొలిచే స్కేలు. కడుపునొప్పి అని ఎవరైనా వస్తే మేం లేచి బయటికి రావాలి. ఆగస్టు 15 దగ్గర పడేసరికి కిటికీ అవతలే డ్రిల్లు, డప్పు ప్రాక్టీసు. నిశ్శబ్దమైన గది, తగినంత వెలుతురు అని టెస్టు మాన్యువల్‌లో రాసిన వాళ్లు మన బడి చూసుండరు.

మొదటి రోజుల్లో నన్ను అందరూ సబ్‌స్టిట్యూషన్‌కి వాడుకున్నారు. ఏ టీచరు సెలవు పెడితే ఆ క్లాసుకి నేను. దీనివల్ల పిల్లలకు నా మొహం తెలిసింది, అది మంచిదే. కానీ క్లాసులో 'సైలెన్స్' అని అరిచిన మనిషి దగ్గరికి సాయంత్రం మనసులో మాట చెప్పడానికి ఎవరొస్తారు? గైడ్ మేడమ్ ఫోన్ చేసి మాట్లాడాక తగ్గింది, పూర్తిగా మానలేదు. జూనియర్లకు ఒకటే చెబుతాను: వారంలో ఏ రోజులు వస్తారు, ఏం చేస్తారు, ఏం చేయరు అనేది లెటర్‌లోనే రాయించుకుని ప్రిన్సిపల్ సంతకం తీసుకోండి. మొహమాటపడితే సెమిస్టర్ అంతా చాక్‌పీసుతోనే గడుస్తుంది.

పిల్లలను నా దగ్గరికి పంపేటప్పుడు టీచర్లు చీటీ రాసేవారు. 'అల్లరి', 'ధ్యాస లేదు', 'బద్ధకం', 'రాత బాగోదు'. ఆ చీటీతో ఏమీ చేయలేం. పిల్లవాడిని గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేసే ముందు క్లాసులోనే చూడాలని మాకు నేర్పారు. వెనక బెంచీలో కూర్చుని, చీటీలో ఉన్న పిల్లవాడితో పాటు అదే క్లాసులో మామూలుగా ఉండే ఇంకో పిల్లవాడిని కూడా చూడాలి. ఇద్దరికీ ఒకే కొలత: కొన్ని సెకన్లకోసారి తలెత్తి పనిలో ఉన్నాడా లేడా అని టిక్కు పెట్టుకోవడం. 'ధ్యాస లేదు' అన్న ఒక నాలుగో తరగతి అబ్బాయి విషయంలో ఇలాగే చేశాను. మధ్యాహ్నం తర్వాతి పీరియడ్‌లో ఇద్దరి టిక్కులూ దాదాపు సమానం. తేడా అల్లా, రెండోవాడు చప్పుడు చేయకుండా కిటికీలోంచి చూస్తాడు, మనవాడు పెన్సిల్ కింద పడేస్తాడు. ఆ కాగితం క్లాస్ టీచర్‌కి చూపిస్తే చాలాసేపు చూసి, "అయితే లంచ్ తర్వాత లెక్కలు పెట్టకూడదన్న మాట" అన్నారు. టైమ్‌టేబుల్ మారలేదనుకోండి. కానీ పిల్లవాడి నుంచి పీరియడ్ మీదికి ఆవిడ చూపు మళ్లింది. నాకు అది చాలనిపించింది.

అసలు పని పట్టుకుంది చదవడం దగ్గరే.

తెలుగు మేడమ్ ఒక అయిదో తరగతి అబ్బాయిని పంపారు. ఒత్తులు చదవడు, డ-ద కలిపేస్తాడు, డిక్టేషన్‌లో సున్నా. డిస్లెక్సియా, అంటే చదవడంలో ఉండే లోపం, అయి ఉంటుందని ఆవిడ అనుమానం. ఎక్కడో వీడియో చూశారట. మేం నేర్చుకున్న పద్ధతిలో దీనికి సులువైన కొలత ఒకటుంది: వాళ్ల పాఠ్యపుస్తకంలోనే ఒక పేరా ఇచ్చి ఒక నిమిషం పైకి చదివించడం, తప్పులు పోగా ఎన్ని పదాలు వచ్చాయో లెక్కపెట్టడం. ఇంగ్లిష్‌లో ఏ తరగతికి ఎన్ని పదాలు రావాలో పట్టికలు కూడా ఉన్నాయి. తెలుగులో ఆ పట్టిక పెడితే క్లాసంతా వెనకబడినట్టే తేలుతుంది. 'చదువుకుంటున్నప్పుడు' అనేది మనకు ఒక్క పదం. అందులో ఎనిమిది అక్షరాలు, రెండు ఒత్తులు. ఇంగ్లిష్‌లో అంత పొడుగు చదివేసరికి రెండు మూడు పదాలు అయిపోతాయి.

గైడ్ మేడమ్‌తో కూర్చుని ఇలా మార్చాం: పదాలు కాదు, అక్షరాలు లెక్కపెట్టాలి. పోలిక బయటి పట్టికతో కాదు, అదే సెక్షన్‌తో. లైబ్రరీ పీరియడ్లలో సెక్షన్ మొత్తాన్నీ ఒక్కొక్కరినీ పిలిచి నిమిషం చదివించాను. పిల్లలకు అదొక ఆట, మళ్లీ చదువుతామని వచ్చేవారు. లెక్కలు వరసలో పెట్టి చూస్తే ఆ అబ్బాయి కింది భాగంలోనే ఉన్నాడు. అక్కడితో ఆగి ఉంటే తెలుగు మేడమ్ మాటే నిజమయ్యేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలను విడిగా తీసి చూస్తే అతను మధ్యలోనే ఉన్నాడు. ఇంగ్లిష్ పేరా ఇస్తే సెక్షన్‌లో సగం మంది కంటే బాగా చదివాడు. ఉర్దూలో కథ చెప్పమంటే ఆపలేకపోయాం. చదవడంలో నిజమైన లోపం ఉంటే అది సాధారణంగా నేర్చుకునే ప్రతి భాషలోనూ ఎంతో కొంత కనిపిస్తుంది. ఇతనికి కనిపించింది తెలుగులోనే. అతనికి ఇంట్లో తెలుగు వినపడదు. బడిలో తెలుగు మొదలైన రోజు నుంచీ 'అమ్మ, ఆవు' అని బొమ్మ చూసి బట్టీ పట్టాడు తప్ప ఆ మాటలు వాడే అవసరం రాలేదు.

2018 చట్టంతో తెలంగాణలో అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. కానీ ఇంటి భాషగా వచ్చిన పిల్లలకూ కొత్త భాషగా వచ్చిన పిల్లలకూ ఒకే వాచకం, ఒకే డిక్టేషన్ పెట్టి, రెండో వాళ్లకు జబ్బు పేరు వెతకడం అన్యాయం. తెలుగు మేడమ్‌తో ఈ మాట నేరుగా అనలేదు, లెక్కల కాగితమే ముందు పెట్టాను. ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు. తర్వాత ఉర్దూ పిల్లలను తెలుగు బాగా వచ్చిన వాళ్ల పక్కన కూర్చోబెట్టి జంటగా చదివించడం ఆవిడే మొదలుపెట్టారు.

ఇంకో కేసు ఇంత తేలిగ్గా పోలేదు. ఏడో తరగతి అమ్మాయి. ఇంట్లో తెలుగే. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ అక్షరాల లెక్క అట్టడుగు. దీర్ఘం ఉన్నచోట లేనట్టు, లేనిచోట ఉన్నట్టు చదువుతుంది. లెక్కల్లో కూడా వెనకే. ఇక్కడ మా చేతిలో ఉన్నది అయిపోయింది. కళ్లు, చెవులు పరీక్ష చేయించి, వైకల్యాల నిపుణులను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపాలి. ఇంటర్న్‌కి రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారం లేదు. పక్కన కూర్చుని చూడనిచ్చారు.

మన పిల్లల ఐక్యూ కొలవడానికి ఎక్కువగా వాడేది మాలిన్స్ స్కేలు, బినే-కామత్. రెండూ పాతవే. బినే-కామత్ అయితే 1930లలో కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారైంది. ప్రశ్నను తెలుగులో అడగొచ్చు కానీ, మాటలకు అర్థాలు అడిగే భాగాన్ని అప్పటికప్పుడు తెలుగు చేస్తే అది వేరే పరీక్ష అయిపోతుంది. మాట తేలికవ్వొచ్చు, కష్టమవ్వొచ్చు. ఆ సైకాలజిస్ట్ మేడమ్ అందుకే బొమ్మలు, దిమ్మెలతో చేయించే భాగాల మార్కులు, మాటల భాగాల మార్కులు విడివిడిగా రాసి, భాష గురించి రిపోర్టులో ఒక పేరా పెట్టారు. చాలా రిపోర్టుల్లో ఆ పేరా ఉండదు.

ఐక్యూ 70కీ 85కీ మధ్య వచ్చింది. ఇక్కడే చిక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో చదువుకు సంబంధించిన స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ ఒకటి. కానీ దానికి అప్పట్లో నడిచిన 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండాలి, ఐక్యూ 85 దాటితేనే తర్వాతి పరీక్షలకు వెళ్లేవారు. 70 లోపు ఉంటే మేధో వైకల్యం కింద చూస్తారు. మధ్యలో ఉన్న పిల్లలకు ఏ కాగితమూ వచ్చేది కాదు. పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్ లేదు, అదనపు సమయం లేదు. టీచర్లు 'స్లో లెర్నర్' అంటారు, ఆ మాటకు ఏ ఫారంలోనూ గడి లేదు. మన క్లాసుల్లో ఎక్కువగా కనపడేది మాత్రం వీళ్లే అని నాకనిపించింది.

తల్లిదండ్రులను పిలిచాం. నాన్న మలక్‌పేట గంజ్‌లో గుమాస్తా, అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. కూర్చోగానే ఆవిడ, "నంబర్ ఎంతొచ్చింది మేడం? మా పొల్ల మందబుద్ధా?" అని అడిగింది. నంబర్‌తో మొదలుపెట్టొద్దని గైడ్ మేడమ్ ముందే చెప్పి ఉన్నారు. పాప ఇంట్లో ఏం చేస్తుందని అడిగారు. "బట్టలు ఎవరియి ఎప్పుడియ్యాల్నో అన్నీ గదే యాద్‌జేస్తది. రాస్కోదు, నోటికే జెప్తది." అక్కణ్నుంచి మాట నడిచింది: విన్నది గుర్తుంటుంది, చదివింది ఉండటం లేదు. కాబట్టి పాఠం ముందు వినాలి, తర్వాత చదవాలి. ప్రశ్నపత్రం పైకి చదివి వినిపిస్తే ఎంత రాయగలదో చూద్దాం. నాన్న అంతసేపూ మాట్లాడలేదు. లేచేటప్పుడు మాత్రం, "టెన్త్ పాసైతదా?" అన్నారు. అవుతుందని మేమెవరం మాట ఇవ్వలేదు.

కరస్పాండెంట్ సార్‌ని ఒప్పించడం వేరే ఘట్టం. "సర్టిఫికెట్ ఉంటే ఇద్దాం" అన్నారు. బోర్డు పరీక్షకే సర్టిఫికెట్ కావాలి సార్, బడిలోనే పెట్టే ఎఫ్ఏలు, యూనిట్ టెస్టులు మన చేతిలోనివే అని గైడ్ మేడమ్ నచ్చజెప్పారు. చివరికి ఎఫ్ఏలో ప్రశ్నలు చదివి వినిపించడానికి, కొంత అదనపు సమయం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. "మిగతా పేరెంట్స్‌కి చెప్పొద్దు" అన్నది ఆయన షరతు. నాకది నచ్చలేదు. కానీ దసరా సెలవుల ముందు జరిగిన పరీక్షలో ఆ అమ్మాయి సోషల్‌లో మొదటిసారి పాసయింది. లెక్కల్లో మార్పేం లేదు.

తొమ్మిదో తరగతి పిల్లలు నా దగ్గరికి వాళ్లంతట వాళ్లే వచ్చేవారు, ఎక్కువగా ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్ వాళ్లు. మామూలు సెక్షన్‌కి మారాలని ఉంటుంది, ఇంట్లో చెప్పాలంటే టెన్షన్. ఎవరితోనైనా కూర్చోగానే మొదట చెప్పే మాట ఒకటుంది: నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం అనిపిస్తే, నిన్ను ఎవరైనా తప్పుగా తాకారని తెలిస్తే పెద్దవాళ్లకు చెప్పక తప్పదు. 2012 పోక్సో చట్టం కింద లైంగిక వేధింపు తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి, ఇంటర్న్ అయినా మినహాయింపు లేదు. ఇది ముందే చెబితే పిల్లలు నోరు విప్పరేమో అని భయపడ్డాను. అలా ఏం జరగలేదు. కష్టమంతా స్టాఫ్ రూమ్‌తోనే. టీ తాగుతూ "ఏమ్మా, ఆ పిల్ల ఏం చెప్పింది?" అని అడుగుతారు. చెడ్డ ఉద్దేశం ఉండదు. "ఆరోగ్యం బాగానే ఉంది మేడమ్, క్లాసులో కొంచెం ముందు బెంచీలో కూర్చోబెట్టండి" లాంటి జవాబులు కొన్ని తయారుగా పెట్టుకున్నాను.

మధ్యలో మమ్మల్ని సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీకి తీసుకెళ్లారు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర సంస్థ. అప్పట్లో పేరు ఎన్ఐఎంహెచ్. ఆటిజం గుర్తించడానికి మన దేశంలో వాడే ఇసా స్కేలు తయారైంది అక్కడే. జిల్లాల నుంచి పిల్లలను ఎత్తుకుని వచ్చిన కుటుంబాలను చూశాక, బడి నుంచి 'ఒకసారి చూపించండి' అని చీటీ రాసేటప్పుడు ఆ ప్రయాణం, పోయే కూలీ కూడా లెక్కలోకి వచ్చాయి. ఆ తర్వాత నా రిఫరల్ లెటర్లలో ఎక్కడికి, ఏ కాగితాలతో, ఎందుకు అనేవి మూడూ తెలుగులో ఉండేలా చూసుకున్నాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్‌కి నా ఫైలు అంతగా నచ్చలేదు. ఐక్యూ పరీక్షలు తక్కువ, అక్షరాల లెక్కలు ఎక్కువ. "దీనికి నార్మ్స్ ఎక్కడివి?" అని అడిగారు, అంటే దేనితో పోల్చి చూశావని. ఆ సెక్షనే నార్మ్ అన్నాను. ఒక్క బడి లెక్కని ఇంకో బడికి వాడలేవు కదా అన్నారు. అదీ నిజమే, వాడలేను. అయిదో తరగతి పేరాలు, లెక్కలు, పేర్లు తీసేసిన పట్టిక అన్నీ జూనియర్‌కి ఇచ్చాను. తను ఈసారి ఉప్పల్‌లో ఒక బడిలో మళ్లీ చదివిస్తోంది. నేను రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సు ఎంట్రన్స్‌కి చదువుతున్నాను. ఏడో తరగతి అమ్మాయిలాంటి పిల్లల రిపోర్టులో భాష గురించి ఆ పేరా రాయాలన్నా, కింద సంతకం పెట్టాలన్నా అది ఉండాల్సిందే.